ఆర్.ఎం.పి.: ఒక మాట చేతులు మారిన కథ
(మునగాల నేపథ్యంలో ప్రభుత్వ వైద్య సంస్కరణలు – వైద్యుల వైఖరులు)

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారిమీద సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు మునగాల వస్తుంది. నేడది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. బ్రిటిషు పాలనలో దాని స్థితి వేరు. చుట్టూ నిజాం రాజ్యం. నడుమ మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా. శిస్తు, కోర్టు, పోలీసు మాత్రమే కాదు, వైద్యుడంటే ఎవరో చెప్పే చట్టం కూడా పరగణా పొలిమేరతో మారిపోయేది. 1914లో మద్రాసు శాసనమండలి చేసిన వైద్యుల నమోదు చట్టం మునగాలకు వర్తిస్తుంది, పొరుగున ఉన్న సూర్యాపేటకు వర్తించదు. సూర్యాపేటవైపు యూనానీ హకీములకు రాజ్యం నుంచే ఆదరణ ఉండేది. మద్రాసువైపు ప్రభుత్వ పట్టికలో పేరున్నవాడే చట్టం దృష్టిలో వైద్యుడు.

‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అన్న పదబంధం ఆ పట్టికల భాష నుంచి పుట్టింది. దాని పొట్టిరూపం ఆర్.ఎం.పి. ఇవాళ ఇదే ప్రాంతంలో ఏ పల్లెకు వెళ్లి ‘ఆర్.ఎం.పి. ఎవరు?’ అని అడిగినా, ఏ పట్టికలోనూ పేరులేని వ్యక్తిని చూపిస్తారు. నమోదైనవాడిని సూచించిన మాట నమోదుకానివాడికి బిరుదయింది. అర్థవిపర్యయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగులో అరుదు. అయితే ఈ విపర్యయం భాషలో దానంతటదే జరిగినది కాదు. నూరేళ్లకు పైగా ప్రభుత్వాలు తెచ్చిన వైద్య సంస్కరణలకూ, వాటి విషయంలో వైద్యులు తీసుకున్న వైఖరులకూ ఇది ఫలితం. ఆ వైఖరులను ఈ మాట వెంట నడిచి పరిశీలించడం ఈ వ్యాసం పని.

పరగణా దివాణం నుంచి వైద్య గ్రంథం

మునగాల జమీందారు నాయని వేంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడటంలో వీరి పాత్ర సాహిత్య చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. మండలి ప్రచురణలను చరిత్ర గ్రంథాలు, నవలలు అన్న వరసలో చదవడం అలవాటై, అందులోని వైద్యగ్రంథాలు కొంత మరుగున పడ్డాయి. గ్రంథమాల తొలిరోజుల్లోనే జీవశాస్త్రము వెలువడింది. తర్వాత అంటువ్యాధుల గురించిన పుస్తకాలు వచ్చాయి. వీటి రచయిత ఆచంట లక్ష్మీపతి (1880–1962), మద్రాసు వైద్య కళాశాలలో పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టరు.

ఇక్కడ కొమర్రాజు కుటుంబ చరిత్రను కొంచెం తడమాలి. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచయిత్రిగా ప్రసిద్ధురాలు. ఆమె 1905లో ప్లేగు రోగులకు సేవచేస్తూ అదే వ్యాధికి గురై మరణించారు. మరుసటి ఏడు విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. అదే ఏడు లక్ష్మణరావుకు కూతురు పుడితే ఆమెకు మేనత్త పేరు పెట్టారు. ఆ కూతురు పెద్దదై డాక్టరయింది. అంటువ్యాధుల మీద తెలుగు పుస్తకాలు రావాలన్న పట్టుదలకు ఇంట్లో జరిగిన చావు కారణమని అనడం సాహసమే అవుతుంది. కానీ మండలి ప్రణాళికలో కలరాకు, చలిజ్వరానికి చరిత్రతో సమానంగా చోటు దొరకడాన్ని కేవలం పాశ్చాత్య విజ్ఞాన వ్యామోహంగా చూసేవారు ఈ నేపథ్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

లక్ష్మీపతి ఈ పుస్తకాలు రాయడమే ఒక వైఖరి. వైద్యజ్ఞానం ఇంగ్లీషులో, పట్టభద్రుల చేతిలో భద్రంగా ఉన్న కాలమది. దాన్ని తెలుగులో పెట్టడమంటే రోగికి, రోగి ఇంటివారికి కొంత అధికారం అప్పగించడం. నీరు కాచి తాగాలన్న సంగతి తెలిసిన ఇల్లాలు డాక్టరు రాకముందే సగం వైద్యం చేసినట్టే. అయితే దీన్ని అతిగా పొగడటమూ సరికాదు. 1911 జనాభా లెక్కల ప్రకారం మద్రాసు రాజధానిలో అక్షరాస్యులు నూటికి పదిమంది కూడా లేరు. పుస్తకాలకు డబ్బిచ్చిన అదే జమీందారీలో రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ లోబడి ఉన్నారు. 1930లలో వారే జమీందారుకు ఎదురు తిరిగారు. కలరా గురించి మంచి తెలుగులో అచ్చయిన పుస్తకం మునగాల వెట్టివాడి గుడిసెదాకా చేరడానికి దారి లేదు. చేరవలసింది మనిషి. ఆ మనిషి ఎవరు, అతడికెంత చదువుండాలి, ఎవరు జీతమివ్వాలి అన్నవే తరువాతి వైద్య సంస్కరణలన్నింటిలోనూ తగవు పడిన ప్రశ్నలు.

పట్టిక గీసిన గీత

1914 చట్టానికి ముందు మద్రాసు రాజధానిలో ఎవరైనా వైద్యం చేయవచ్చు. ఆ తర్వాత కూడా నాటువైద్యులను చట్టం నిషేధించలేదు. పట్టికలో ఉన్నవారికి కొన్ని హక్కులిచ్చింది, లేనివారిని చట్టబద్ధమైన గుర్తింపుకు వెలుపల ఉంచింది. బొంబాయిలో 1912లోనూ, బెంగాలులో 1914లోనూ ఇలాంటి చట్టాలే వచ్చాయి. వైద్యులు వీటిని స్వాగతించడంలో ఆశ్చర్యం లేదు. దొంగ డిగ్రీల బెడద అప్పటికే నిజమైనది. కష్టపడి చదివిన వారికి రక్షణ కావాలి.

చిక్కు మరోచోట వచ్చింది. పట్టికలోని వైద్యుడు పట్టికలో లేనివారితో కలిసి పనిచేస్తే వృత్తిధర్మానికి భంగమని వైద్యమండళ్లు భావించాయి. బొంబాయిలో చట్టం వచ్చిన కొద్ది ఏళ్లకే, ఆయుర్వేద కళాశాలతో సంబంధం పెట్టుకున్నందుకు డాక్టర్ పోపట్ ప్రభురాం పేరును పట్టిక నుంచి తొలగించారు. ఈ సంఘటన దేశమంతటా చర్చకు వచ్చింది. పాశ్చాత్య పట్టా తీసుకుని ఆయుర్వేదం వైపు మళ్లినవారందరి తలమీదా ఇదే కత్తి వేలాడింది.

లక్ష్మీపతి సరిగ్గా ఆ దారిలో నడిచినవారు. ప్లేగు రోజుల్లో తన మందులతో పేరుపొందిన పండిత దీవి గోపాలాచార్యుల వద్ద ఆయన ఆయుర్వేదం నేర్చుకున్నారు. గురువు తర్వాత మద్రాసులో ఆయుర్వేద విద్యాబోధనను కొనసాగించారు. కనుక ప్రభుత్వ సంస్కరణల పట్ల ‘వైద్యుల వైఖరి’ అని ఏకవచనంలో మాట్లాడటం ఈ కాలానికి కుదరదు. పట్టికను కోటగోడగా చూసినవారున్నారు. అదే పట్టికలో ఉంటూ గోడకు తలుపు పెట్టమన్నవారూ ఉన్నారు.

ఉస్మాన్ కమిటీ ముందు

1919 భారత ప్రభుత్వ చట్టంతో ఆరోగ్యశాఖ ‘బదిలీ అయిన’ శాఖల్లోకి వచ్చింది. అంటే శాసనసభకు జవాబుదారీ అయిన భారతీయ మంత్రి చేతికి వచ్చింది. అయితే శాఖలోని పెద్ద ఉద్యోగాల్లో ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారుల పట్టు కొనసాగింది. మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఏర్పడి, 1921లో పానగల్ రాజా రామరాయణింగారు ముఖ్యమంత్రి అయ్యారు. (ఈ పానగల్లు నల్లగొండ పక్కనున్న కాకతీయుల నాటి పానగల్లు కాదు, ఆయనది కాళహస్తి ప్రాంతం. ఈ పొరపాటు అప్పుడప్పుడు వ్యాసాల్లో దొర్లుతుంటుంది.) సంస్కృత పరిచయం, దేశీయ వైద్యంమీద అభిమానం ఉన్న ఆయన ప్రభుత్వం 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యవిధానాల మీద ఒక కమిటీని నియమించింది. కమిటీ కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కూడా పాశ్చాత్య వైద్యం చదివినవారే. నివేదిక 1923లో రెండు సంపుటాలుగా వెలువడింది.

తెలుగు పరిశోధకులు ఈ నివేదికను ఇంకా తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. కమిటీ పంపిన ప్రశ్నావళికి వైద్యులు ఇచ్చిన సమాధానాలను రెండవ సంపుటిలో చేర్చారు. వాటిలో దేశభాషల్లో వచ్చినవి కూడా ఉన్నాయి. ఒక ప్రభుత్వ సంస్కరణ మీద తమ అభిప్రాయాన్ని వైద్యులు స్వభాషలో లిఖితపూర్వకంగా చెప్పి, అది ప్రభుత్వ పత్రంగా అచ్చయిన తొలి సందర్భాల్లో ఇదొకటి. తెలుగు వచన వికాసాన్ని పత్రికల్లో, నవలల్లో మాత్రమే వెదికేవారికి ఇది అందని సామగ్రిగానే ఉండిపోయింది.

కమిటీ ముందున్న వాదాలను రెండు కుప్పలుగా పోయవచ్చు. అధికార వైద్యుల్లో ఎక్కువమంది దృష్టిలో శాస్త్రం ఒక్కటే. శరీర నిర్మాణం తెలియని వైద్యుడికి ప్రభుత్వ ముద్ర వేయడం ప్రజల ప్రాణాలతో ఆడుకోవడమే. రెండో వాదానికి మూలం శాస్త్రం కాదు, లెక్క. పాశ్చాత్య వైద్యుడు పట్టణం దాటి రాడు. వచ్చినా ఖర్చు భరించే శక్తి పల్లెకు లేదు. ఉన్న వైద్యుణ్నే మెరుగుపరచడం మేలు. కమిటీ రెండో వాదంవైపు మొగ్గి, దేశీయ వైద్యానికి ప్రభుత్వ గుర్తింపు, పాఠశాలలు, నమోదు కావాలని సూచించింది. ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ప్రారంభమై, శ్రీనివాసమూర్తి దాని అధ్యక్షుడయ్యారు.

ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి జవాబు కాదన్నది గమనించదగ్గ సంగతి. ‘నాసిరకం వైద్యం వద్దు’ అన్నవారు పల్లెకు ఎవరు వెళ్తారో చెప్పలేదు. ‘పల్లెకు ఎవరో ఒకరు కావాలి’ అన్నవారు ఆ ఒకరి చేతిలో రోగి చనిపోతే బాధ్యత ఎవరిదో చెప్పలేదు. తర్వాతి నూరేళ్లలో పేర్లు మారాయి, చట్టాలు మారాయి. వాదాలు మాత్రం ఇలా ఒకదాన్నొకటి తాకకుండానే పక్కపక్కన నడిచాయి.

1923 మరో రెండు కారణాలవల్ల కూడా గుర్తుంటుంది. ఆ ఏడే విశాఖపట్నం వైద్య పాఠశాల కళాశాల అయింది. ఆ ఏడు జూలైలో కొమర్రాజు లక్ష్మణరావు మరణించారు.

పల్లెకు పంపిన డాక్టరు

పానగల్ ప్రభుత్వం దేశీయ వైద్యంతోనే ఆగలేదు. పట్టికలోని వైద్యులను పల్లెలకు పంపడానికి 1924లో ఒక పథకం పెట్టింది. డాక్టరు ఒక గ్రామంలో స్థిరపడాలి. ప్రభుత్వం ఏటా కొంత సహాయ వేతనమిస్తుంది. పేదలకు ఉచితంగా వైద్యం చేయాలి. కలిగినవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. సర్కారు ఉద్యోగికీ, సొంత వైద్యుడికీ నడిమి మనిషి ఇతడు.

కాగితంమీద ఇది తెలివైన పథకం. డాక్టరు కోణంలోంచి చూస్తే దాని ఇరుకు తెలుస్తుంది. సహాయ వేతనం కాపురానికి చాలదు కనుక ఫీజుమీద ఆధారపడాలి. ఫీజు ఇవ్వగలిగినవారు ఊళ్లో నాలుగిళ్లవారే. వారు పిలిస్తే అర్ధరాత్రి వెళ్లాలి. మాలపల్లె నుంచి వచ్చినవాడికి ఉచితంగా చూడాలి. రెండూ ఒకే సమయంలో వస్తే ఎటు వెళ్లాలన్నది పథకంలో రాసి ఉండదు. జమీందారీ గ్రామాల్లో ఈ ఇరుకు మరింత ఎక్కువగా ఉండేది. పల్లెకు వెళ్లడానికి డాక్టర్లు ఇష్టపడరన్న మాట ఆనాటి నుంచీ వినబడుతోంది. దాన్ని స్వభావదోషంగా చెప్పడం తేలిక. పల్లెలో డాక్టరు బతుకు ఎవరిమీద ఆధారపడేలా పథకం రాశారన్నది చూస్తే, ఆ అయిష్టతలో సగం ఏర్పాటులోనే ఉందని తెలుస్తుంది.

అయినా వెళ్లినవారున్నారు. వారిలో అధికులు లైసెన్షియేట్లు, తెలుగువారి వాడుకలో ఎల్.ఎం.పి. డాక్టర్లు. వైద్య కళాశాలలో కాక వైద్య పాఠశాలలో, పట్టభద్రులకన్నా తక్కువ కాలం చదివినవారు. 1914 మద్రాసు పట్టికలో వీరికి స్థానముంది. పట్టణాల్లో చిన్న ఆసుపత్రులు, తాలూకా డిస్పెన్సరీలు, మిషన్ ఆసుపత్రులు వీరి చేతులమీదుగానే నడిచాయి. రోగులకు వీరికీ, ఎం.బి.బి.ఎస్.లకూ తేడా తెలియదు. తెలిసినా పట్టింపు లేదు.

లైసెన్షియేటు అదృశ్యం

పట్టింపు ఉన్నది పట్టభద్రులకు. 1933లో భారత వైద్యమండలి చట్టం వచ్చినప్పుడు అఖిల భారత స్థాయిలో గుర్తింపును పట్టభద్రులకు పరిమితం చేశారు. రాష్ట్ర పట్టికలో పూర్తి వైద్యుడైన లైసెన్షియేటు అఖిల భారత చట్టం ముందు సగం వైద్యుడయ్యాడు. లైసెన్షియేట్ల సంఘాలు దీన్ని తీవ్రంగా నిరసించాయి. వైద్యుల్లో వర్గవిభజన దేశీయ–పాశ్చాత్య పంక్తిమీద మాత్రమే లేదని, పాశ్చాత్య వైద్యంలోనే పై మెట్టూ కింది మెట్టూ ఉన్నాయని ఈ తగవు చెబుతుంది.

1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఈ తగవును ముగించింది. ప్రభుత్వ ఖర్చుతో, ప్రతి పౌరుడికీ, చెల్లించే శక్తితో సంబంధం లేకుండా వైద్యం అందాలని చెప్పిన నివేదిక అది. పూర్తికాలం జీతం తీసుకునే వైద్యుడు సొంత ప్రాక్టీసు చేయకూడదన్నది. ఆ ఉదాత్తతను తక్కువచేసి చూడనక్కరలేదు. అయితే అదే నివేదిక దేశంలో ఒక్క రకం వైద్యుడే, అంటే పట్టభద్రుడే ఉండాలని, లైసెన్షియేటు చదువులకు స్వస్తి చెప్పాలని సూచించింది. కమిటీ లెక్కలోనే దేశంలో నమోదైన వైద్యులు 47,524 మంది. అందులో పట్టభద్రులు 17,654, లైసెన్షియేట్లు 29,870. ఉన్న వైద్యుల్లో నూటికి అరవైమందికి పైగా ఏ కోవకు చెందినవారో, ఆ కోవనే ఇకపై తయారు చేయవద్దన్నారు. కమిటీలో కొందరు సభ్యులు ఈ విషయంలో విభేదించి విడిగా అభిప్రాయం రాశారు. వారి మాట చెల్లలేదు.

దేశీయ వైద్యం సంగతిని భోర్ కమిటీ రాష్ట్రాలకు వదిలేసింది. నివేదిక వచ్చిన 1946లో మద్రాసు రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం ఉంది. ఆరోగ్యశాఖ మంత్రి రుక్మిణీ లక్ష్మీపతి, అంటే ఆచంట లక్ష్మీపతి సతీమణి. ఆంగ్ల వైద్యం చదివి ఆయుర్వేదం బోధించిన డాక్టరు ఇంటి మనిషి చేతిలో, ఆయుర్వేదాన్ని పక్కనపెట్టిన నివేదిక! ఆ మంత్రివర్గం 1947 మార్చిలో ముగిసింది కనుక ఆ ఘట్టం ఎటు తిరిగి ఉండేదో ఊహకే వదలాలి. 1946లోనే గుంటూరులో వైద్యకళాశాల మొదలైంది. కళాశాలలు పెరుగుతాయి, పట్టభద్రులు పెరుగుతారు, వారు పల్లెలకు వెళ్తారు అన్నది లెక్క. మొదటి రెండూ జరిగాయి.

తెలుగు దేశంలో దీనికి భిన్నమైన మరో వైఖరి కూడా ఉండేది. అది ప్రభుత్వం నుంచి రాలేదు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన డాక్టర్లు కొందరు, చదువుకున్న గ్రామీణ యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పడం తప్పుకాదని భావించారు. పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో నడిపిన ప్రజావైద్యశాల ఇందుకు పేరుమోసింది. అక్కడ శిక్షణ పొందిన యువకులు పల్లెలకు వెళ్లి వైద్యం చేశారు. లైసెన్షియేటును ప్రభుత్వం తలుపు వెలుపల పెట్టాక ఆ చోటును పట్టా ఉన్న డాక్టర్లే, పట్టా లేని శిష్యులతో నింపారన్నమాట.

కొమర్రాజు అచ్చమాంబ ఈ రెండు లోకాలకూ తెలిసిన మనిషి. మద్రాసులో వైద్యం చదివి, విజయవాడలో ప్రసూతి వైద్యురాలిగా పనిచేసి, కమ్యూనిస్టు ఉద్యమంలో ఉండి, 1957లో కాంగ్రెసు పక్షాన విజయవాడ నుంచి లోకసభకు ఎన్నికయ్యారు. ‘ప్రసూతి – శిశుపోషణ’ ఆమె రాసిన పుస్తకం. తండ్రి కాలంలో లక్ష్మీపతి చేసిన పనినే ఆమె మరో తరం తర్వాత, స్త్రీల వైపునుంచి చేశారు. కాన్పు సంగతులను ఆడవారు చదువుకునేలా తెలుగులో పెట్టారు. మునగాల దివాణంతో ముడిపడిన ఈ ధోరణికి ఒక పేరు పెట్టవలసి వస్తే ‘పంచిపెట్టే వైద్యం’ అనవచ్చు. పట్టికను బట్టి నడిచిన ధోరణి దానికి ఎదురుది కాదు. దాన్ని ఖాతరు చేయనిది.

మూడక్షరాలు చేతులు మారడం

ఆర్.ఎం.పి. అన్న మాట ఎప్పుడు చేతులు మారిందో ఒక తేదీ చెప్పలేం. దారి మాత్రం కనిపిస్తుంది. 1930లలో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యులకు విడిగా నమోదు ఏర్పాటు చేయడంతో అనుభవాన్ని బట్టి గుర్తింపు పొందినవారు కూడా ‘రిజిస్టర్డ్’ అయ్యారు. పట్టభద్రులకు తమ డిగ్రీ పేరే గౌరవం కనుక ఎం.బి.బి.ఎస్. అని రాసుకున్నారు. ‘రిజిస్టర్డ్’ అన్న మాట అవసరమైంది డిగ్రీ లేనివారికే. ఒక గౌరవవాచకాన్ని పైవారు వదిలేస్తే కిందివారు అందుకోవడం భాషలో కొత్తకాదు. క్రమంగా నమోదు ఉన్నవారూ లేనివారూ అందరూ ఆర్.ఎం.పి.లయ్యారు. చట్టం గట్టిపడ్డాక ‘ఆర్’ అంటే రిజిస్టర్డ్ కాదు, రూరల్ అన్న కొత్త వివరణ పుట్టింది. ఇప్పుడు తెలుగులో గ్రామీణ వైద్యుడు అన్నది దాని అనువాదం. అక్షరం మారకుండా అర్థాన్ని మార్చి చట్టం కంట పడకుండా బతికిన మాట ఇది.

ప్రభుత్వాలు ఈ మనిషిని ఒక్కో కాలంలో ఒక్కో రకంగా చూశాయి. 1977లో జనతా ప్రభుత్వం ఊరికొక ఆరోగ్య కార్యకర్తను తయారుచేసే పథకం తెచ్చింది. వైద్యుల సంఘాలు దాన్ని అర్ధవైద్యుల సృష్టిగా విమర్శించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో గ్రామీణ వైద్యులకు పారామెడికల్ బోర్డు ద్వారా శిక్షణ ఇచ్చి ‘కమ్యూనిటీ పారామెడిక్’ గుర్తింపు ఇవ్వాలన్న ప్రయత్నం జరిగింది. భారత వైద్య సంఘం వ్యతిరేకించింది. శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రాలివ్వాలన్న కోరిక తెలంగాణలో గ్రామీణ వైద్యుల సంఘాల సభల్లో నేటికీ వినిపిస్తుంది.

ఈ ప్రయత్నం చేసిన ముఖ్యమంత్రి స్వయంగా ఎం.బి.బి.ఎస్. డాక్టరు. ఆయన ప్రభుత్వమే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి పెద్ద జబ్బు వస్తే కార్పొరేటు ఆసుపత్రిలో ప్రభుత్వ ఖర్చుతో చికిత్స. మునగాల నుంచి గుండెజబ్బు మనిషిని హైదరాబాదు తీసుకెళ్లడానికి పొలం అమ్మవలసిన అవసరం తప్పించిన పథకం ఇది. దాని మేలును ఆ రైతు కుటుంబంకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. అయితే ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్ల జాబితా. జ్వరం, విరేచనాలు, పాముకాటు తర్వాతి మొదటి గంట వంటివి దాని ముఖ్య పరిధి కాదు. వాటికి పల్లె మళ్లీ ఆర్.ఎం.పి. గడపే తొక్కింది. పెద్దాసుపత్రికి దారి చూపేవాడు కూడా చాలాచోట్ల అతడే అయ్యాడు. పథకం అతడిని తొలగించలేదు. అతడికి కొత్త పని ఇచ్చింది.

2019 వేసవి దాటాక

డాక్టర్ల వైఖరులను విడదీసి చూడటానికి 2019 జూలై చివరినుంచి ఆగస్టు నడిమి వరకు గడిచిన కొద్దివారాలు చాలు. పార్లమెంటు ముందు జాతీయ వైద్య కమిషన్ బిల్లు ఉంది. అందులోని 32వ నిబంధన ‘సామాజిక ఆరోగ్య ప్రదాత’ అన్న పేరుతో, ఆధునిక వైద్యానికి సంబంధించిన కొందరికి మధ్యస్థాయిలో పరిమిత వైద్యం చేసే అనుమతి ఇవ్వవచ్చంటుంది. అయితే వారి సంఖ్య నమోదైన వైద్యుల్లో మూడోవంతు మించరాదు. భారత వైద్య సంఘం పిలుపుతో జూలై 31న దేశవ్యాప్తంగా డాక్టర్లు సమ్మె చేశారు. నకిలీ వైద్యానికి చట్టం తలుపు తెరుస్తోందన్నది వారి అభ్యంతరం. బిల్లు ఆగస్టులో చట్టమైంది. రెండు వారాలకే, ఆగస్టు 16న, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఆసుపత్రులు బకాయిలు చెల్లించలేదంటూ సేవలు ఆపాయి.

మొదటి సమ్మె పట్టిక గురించి. రెండోది పైకం గురించి. పత్రికలు రెంటినీ ‘డాక్టర్ల ఆందోళన’ అన్న ఒకే శీర్షిక కింద పెట్టాయి, ప్రజలూ అలాగే చదివారు. నిజానికి ఇవి వేర్వేరు చరిత్రలు. పట్టిక తగవుకు వయసు నూరేళ్లు దాటింది: 1914, 1933, 1946 మెట్లు దిగి వచ్చింది. బకాయి తగవు 2007 తర్వాతిది. మొదటిదాన్ని రెండోదానితో కలిపి స్వార్థమని కొట్టివేయడంవల్ల డాక్టర్ల అభ్యంతరంలోని న్యాయం మరుగున పడుతుంది. స్టెరాయిడ్లు, అవసరం లేని ఇంజెక్షన్లు పల్లెల్లో చేసిన హాని డాక్టర్ల కల్పన కాదు. అయితే అదే అభ్యంతరాన్ని చరిత్రలో పెట్టి చూస్తే మరో సంగతి కూడా కనిపిస్తుంది. మద్రాసు ప్రభుత్వ పాఠశాలల్లో శరీరశాస్త్రం చదివి, పరీక్ష రాసి, పట్టికలో చేరిన మధ్యస్థాయి వైద్యుడు ఒకప్పుడు ఉండేవాడు. అతడు పోవడానికి అంగీకరించిన వృత్తే, అతడి చోట చదువులేని వాడు కూర్చున్నాడని ఇప్పుడు ఫిర్యాదు చేస్తోంది. వ్యతిరేకించవలసిన నకిలీకి ముందు తొలగించిన అసలు ఉందని సమ్మె ఉపన్యాసాల్లో గుర్తుచేసినవారు అరుదు.

అదే 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల తొలి తరగతులు మొదలయ్యాయి. మునగాల పరగణా గ్రామాలకు ఇంత దగ్గరగా వైద్యకళాశాల రావడం చరిత్రలో మొదటిసారి. నూరేళ్ల కిందట ఈ ప్రాంతపు దివాను జీవశాస్త్రాన్ని తెలుగులో అచ్చువేయించడానికి పుస్తకం ప్రతులను మద్రాసు పంపవలసి వచ్చేది. ఇప్పుడు శరీరశాస్త్రం పాఠం సూర్యాపేటలోనే, ఇంగ్లీషులో జరుగుతోంది.

తెలంగాణ వైద్యమండలి ఇటీవలి సంవత్సరాల్లో అర్హత లేని వైద్యంపై తనిఖీలు పెంచాక, పల్లెల్లో గోడలమీది బోర్డులు మారుతున్నాయి. ‘డాక్టర్’ అన్న మాట చెరిపేస్తున్నారు. ‘క్లినిక్’ చోట ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అని రాయిస్తున్నారు. సున్నం కింద పాత అక్షరాలు అక్కడక్కడ ఇంకా కనబడుతూనే ఉంటాయి.